పరీక్షకు బదులు ఒక చీటీ

జనవరి 18

ఒరే కరపత్రం,

"ఇక్కడ నేను బాగానే ఉన్నాను" అని మొదలుపెట్టి కొట్టేశాను. బాగాలేక ఇప్పుడిప్పుడే లేచాను. అమ్మకి చెప్పకు. నెల మొదట్లో జ్వరం వస్తే పరీక్ష చేసి కోవిడే అన్నారు. హాస్టలు చివరి గదిలో పడేశారు. ఆ గది కిటికీ అద్దాలకి ఎవరో తెల్లరంగు పూసేశారు. ఎండ ఉందో పోయిందో గోడ చూసి పోల్చుకోవాలి. నిన్నటి నుంచి మళ్ళీ కుట్టు లైను మీదకి వెళ్తున్నాను. ఒళ్ళు తేలికపడింది. వాసనే రావడం లేదు. మెషీను నూనె డబ్బా ముక్కుకి ఆనించి చూశాను, మంచినీళ్ళలా ఉంది.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు రెండో మాటకే గొంతు పెంచుతావు, నేను మూడో మాటకి పెట్టేస్తాను. మనకి కాగితమే మంచిది. పాత పద్ధతే: రాయడం, రాత్రికి దిండు కింద పెట్టడం, పొద్దున మళ్ళీ చదివి అప్పుడు ఫోటో తీసి పంపడం. నువ్వు కూడా అలాగే పంపు. వేడివేడిగా పంపకు.

కంపెనీ డాక్టరు సంగతి చెబితే నవ్వుతావు. నాడి చూడడు, మొహమూ చూడడు. లైను ఆగకూడదు కాబట్టి జ్వరంతో ఊగిపోతున్న పిల్లకి కూడా "పనికి తగును" అని రాసి సంతకం పెట్టేస్తాడు. మేం ఆయన్ని తగునుగారు అంటాం. నాకూ నిన్న తగును అనే రాశాడు.

ఇక అసలు సంగతి. కోర్టు వాయిదా ఫిబ్రవరి 26 అని లాయరమ్మ చెప్పింది. తల్లి దేశంలోనే లేనప్పుడు పిల్లని తండ్రికి ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటని జడ్జి గారు అడిగారట. ఆ రోజు నేను స్వయంగా అక్కడ నిలబడితే గువ్వ మన ఇంట్లోనే ఉంటుంది. నిలబడకపోతే వాళ్ళ నాన్నతో వెళ్తుంది. ఇంతే కదా, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా? ఇక్కడి ఫ్యాక్టరీ పిల్లలకి చొక్కా కాలర్ ఎక్కించడం నేర్పి రమ్మని మూడు నెలలకి పంపినవాళ్ళు విమానాలు లేవని ఏడాది దాకా లాగారు. ఇప్పుడు విమానాలున్నాయి, వాటితో పాటు బోలెడు నిబంధనలూ ఉన్నాయి. ఇక్కడ గోడల మీద అంటించినవి నాకు చదవడం రాదు. మీ ప్రెస్సులో అలాంటివి అచ్చువేస్తున్నారని అమ్మ చెప్పింది. తిరిగి రావడానికి ఏం చేయించుకోవాలో చూసి రాయి.

గువ్వ పళ్ళు తోముకోవడానికి ఇంకా ఏడుస్తోందా?

అక్క

జనవరి 21

అక్కా,

దిండు కింద పెట్టాను. చేతి ఇంకు ఆరలేదు, దిండు గలీబు నల్లబడింది, అమ్మ పొద్దున్నే పూజ చేసింది నాకు. నీ జ్వరం సంగతి చెప్పలేదు.

గువ్వ పళ్ళకి ఏడవడం మానేసింది. ఇప్పుడు నీళ్ళు పుక్కిలించి ఎంత దూరం ఉమ్మగలదో నాతో పందెం. ఓడిపోతే ఏడుస్తుంది.

నువ్వు అడిగిందే ఈ వారం మా మెషీను మీద ఉంది. "విదేశాల నుంచి తిరిగి వచ్చేవారికి సూచనలు", నాలుగు పేజీల మడత కాగితం. ఆరోగ్యశాఖాయన వచ్చి ప్రూఫు చూసి వెళ్ళాడు. ఫోల్డింగ్ నేనే. ఒక్కో కాగితం మడిచినప్పుడల్లా ఒక్కో వాక్యం చదువుతున్నాను, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. విమానం ఎక్కే ముందు మూడు రోజుల్లోపు పరీక్ష చేయించుకోవాలి, నెగెటివ్ అని కాగితం ఉండాలి. అది లేకపోతే కౌంటరు దగ్గరే ఆపేస్తారు. దిగాక వారం రోజులు విడిగా ఉండాలి, మధ్యలో మళ్ళీ పరీక్ష. దిగగానే నెగెటివ్ వచ్చిందని వీధిలోకి రాకూడదు, ఒంట్లో జబ్బు ముదిరేదాకా పరీక్షలో కనిపించకపోవచ్చు. కోర్టు లాంటి పనికి మాస్కుతో వెళ్ళి రావచ్చని రెండో పేజీలో ఉంది, లాయరమ్మ కూడా అదే అంది. కాబట్టి నువ్వు 23కల్లా దిగితే చాలు.

ఇక మూడో పేజీ. చదివి నా ఒళ్ళు మండింది. "గత మూడు నెలల్లో కోవిడ్ వచ్చి కోలుకున్నవారు పరీక్షకు బదులు వైద్యుని ధ్రువపత్రం చూపవచ్చు." చూశావా అక్కా? అందరికీ పరీక్ష, కొందరికి చీటీ. ఎవరికి దొరుకుతుంది ఆ చీటీ? డాక్టరు తమ ఇంటికొచ్చి కూర్చునే వాళ్ళకి. రైళ్ళలో, బస్సుల్లో వచ్చేవాళ్ళని వరసలో నిలబెట్టి ముక్కులో పుల్ల పెడతారు, పైవాళ్ళు ఒక సంతకం చూపించి దర్జాగా నడిచిపోతారు. నేను చదివిన ప్రతి చిన్న పుస్తకంలోనూ ఇదే ఉంది, నియమం రాసేవాడు తన కోసం ఒక సందు వదులుకుంటాడు. మా ఓనరుతో అంటే "ఒరే కరపత్రం, నువ్వు మడత పెట్టు, దేశాన్ని తర్వాత సరిచేద్దువు" అన్నాడు. మడత పెట్టాను.

మీ ఆయన ఫోన్ చేశాడు. గువ్వతో మాట్లాడాడు. తర్వాత నాతో మాట్లాడాలన్నాడు. నేను బాత్రూంలో ఉన్నానని చెప్పించాను. గువ్వ ఫోన్లోనే "మామయ్య ఇక్కడే ఉన్నాడు, బాత్రూంలో ఉన్నానని చెప్పమన్నాడు" అంది.

బాగా తిను. వాసన రాకపోయినా తిను.

తమ్ముడు

ఫిబ్రవరి 4

ఒరే,

ఆయనతో అలా చెయ్యకు. ఫోన్ తీసుకుంటే నీదేం పోతుంది. మేం విడిపోయాం, నువ్వెప్పుడు విడిపోయావు ఆయన్నుంచి?

టికెట్టు దొరికింది, 23 తెల్లవారుజాము విమానం. కంపెనీ వాళ్ళే తీసుకున్నారు. నా తర్వాత లైను చూడ్డానికి నా పక్క మంచం పొడుగుపిల్లని పెట్టారు. కాలర్ మూల తిప్పేటప్పుడు నాలుక బయటపెడుతుంది. నాలుక లోపల పెట్టుకుంటే మూల వంకర పోతుంది. సరే బయటే పెట్టుకో అన్నాను.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నువ్వు తిట్టిన ఆ మూడో పేజీ నా గురించే కదరా. నాకు వచ్చి నెలే అయింది. ఆయన కూడా నాకు మెసేజి పెట్టాడు. నాకు జ్వరం వచ్చిన సంగతి గువ్వ నోటి నుంచి ఆయనకి చేరినట్టుంది, నువ్వు దాని ముందు ఉత్తరం పైకి చదివావు కదూ. "నువ్వు పరీక్ష జోలికి వెళ్ళకు, కోలుకున్నట్టు డాక్టరు దగ్గర చీటీ తీసుకుని రా, మా కంపెనీలో తిరిగొచ్చినవాళ్ళంతా అలాగే వచ్చారు" అని రాశాడు. మందుల కంపెనీ వాడు, ఆయనకి ఇవన్నీ తెలుస్తాయి అనుకుంటాను.

తగునుగారిని అడిగితే రాసిస్తానన్నాడు. ఆయనకి రాయడం ఏం కష్టం. కానీ ఆ సంతకం పట్టుకుని విమానం దగ్గర నిలబడాలంటే ఎలాగో ఉంది. చీటీయా, పరీక్షా? నువ్వు అదంతా చదివిన వాడివి. ఏది చెయ్యమంటావు?

ఈమధ్య నాకు దేనికీ సంతోషం గానీ భయం గానీ రావడం లేదు. టికెట్టు చేతికిచ్చారు, సరే అన్నాను. నీరసం అంతే అంటుంది పొడుగుపిల్ల.

అక్క

ఫిబ్రవరి 5

అక్కా,

దీన్ని దిండు కింద పెట్టడం లేదు. పెడితే దిండు అంటుకుంటుంది.

నువ్వు ఆయన మాట వింటావా? కొంచెం ఆలోచించు. 26న నువ్వు రాకపోతే లాభం ఎవరికి? ఆయనకి. నువ్వు ఎలా రావాలో సలహా ఇస్తున్నది ఎవరు? ఆయన. "పరీక్ష జోలికి వెళ్ళకు" అట. ఎందుకు వెళ్ళకూడదు? నువ్వు ఆ తగునుగారి సంతకం పట్టుకుని వస్తావు. కోర్టులో ఆయన లాయరు లేచి, "అమ్మా, పరీక్ష చేయించుకోకుండా, జ్వరం ఉన్నవాళ్ళకి కూడా తగును అని రాసే డాక్టరు చీటీతో వచ్చి, ఈ పసిపిల్లని ఎత్తుకున్నారా?" అని అడుగుతాడు. అప్పుడేం చెబుతావు? ఆ డాక్టరు ఎలాంటివాడో నువ్వే కదా రాశావు.

అది పక్కన పెట్టు. నువ్వు ఎలాంటి మనిషివి? సూపర్‌వైజరు అయ్యాక కూడా భోజనాల వరసలో వెనక నిలబడేదానివి. లైనులో పిల్లలు ముందుకి రమ్మంటే "నాకేం కొమ్ములున్నాయా" అనేదానివి. నేను పుస్తకాల్లో చదవడానికి ముందే ఆ మాట నీ నోట విన్నాను. ఇప్పుడు అందరూ పరీక్ష చేయించుకుని వస్తుంటే నువ్వు పక్క సందులోంచి వస్తావా? నీకు తగ్గిపోయింది. తగ్గిపోయినప్పుడు నెగెటివే వస్తుంది. నెగెటివ్ కాగితం పట్టుకుని తలెత్తుకుని రా. దాన్ని ఏ లాయరూ ఏమీ చెయ్యలేడు.

గువ్వ నీ కోసం గదిలో తన మంచం గోడ వైపుకి తోయించింది, రెండో మంచానికి చోటు కావాలట. తోసింది నేనే. నడుం పట్టేసింది.

పరీక్ష చేయించుకో. ఇక వేరే మాట లేదు.

తమ్ముడు

ఫిబ్రవరి 10

ఒరే కరపత్రం,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, రాత్రి గడిచాక పోయింది. అందుకే ఈ పద్ధతి.

నువ్వు అన్నది సబబే. ఆయన కావాలని ఇరికిస్తున్నాడని నేను అనుకోను, ఆయనకి అంత ఓపిక లేదు. కానీ ఆ డాక్టరు చీటీ నాకూ నచ్చలేదు. పైగా మీ ప్రెస్సుకి ఆరోగ్యశాఖ వాళ్ళు ప్రూఫు చూడ్డానికి వస్తారని రాశావు కదా ఒకసారి. వాళ్ళని అడిగి, కనుక్కునే నాకు చెబుతున్నావని ధైర్యం. తగునుగారికి వద్దని చెప్పేశాను. ఆయన వచ్చే వారం నుంచి సెలవు మీద ఊరికి పోతున్నాడు. "తరవాత అడిగితే నేనుండను" అన్నాడు. అక్కర్లేదండీ అన్నాను.

21న ఇక్కడి ఆస్పత్రిలో పరీక్షకి పేరు రాయించాను. గువ్వకి గౌను కుట్టాను. కొలత ఫోటో చూసి వేశాను, చంకల దగ్గర పట్టేస్తే నన్ను అనకు.

ఎందుకో సామాను సర్దడానికి చెయ్యి రావడం లేదు. పెట్టె మూత తెరిచే ఉంది.

అక్క

ఫిబ్రవరి 21

తమ్ముడూ,

పాజిటివ్ వచ్చింది.

జ్వరం లేదు, దగ్గు లేదు. కాగితం మీద అలా ఉంది. కంపెనీ వాళ్ళు చివరి గదిలోకి వెళ్ళమన్నారు. వెళ్ళాను. కిటికీకి అదే తెల్లరంగు. ఇది దిండు కింద పెట్టలేదు.

అక్క

ఫిబ్రవరి 22

అక్కా,

మళ్ళీ ఎలా వచ్చింది? ఆ హాస్టలు వాళ్ళు నిన్ను మళ్ళీ ఎవరి పక్కన పడుకోబెట్టారు? ఒక గదిలో అంతమందిని కుక్కితే రాదా మరి. నువ్వు వాళ్ళ మీద రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు, నేను రాసిస్తాను, నువ్వు సంతకం పెడితే చాలు.

ముందు ఇంకోసారి పరీక్ష చేయించు. పరీక్షల్లో తప్పులుంటాయి, వేరే చోట చేయించు. రేపే వెళ్ళు. నెగెటివ్ వస్తే ఏదో ఒక విమానం దొరుకుతుంది, 26 పొద్దున దిగినా నేను ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా కోర్టుకి తెస్తాను. లాయరమ్మ వాయిదా అడుగుతానంది. ఇస్తారా అంటే పెదవి విరిచింది.

అమ్మకి చెప్పాల్సి వచ్చింది. గిన్నెలు తోమి మళ్ళీ అవే గిన్నెలు తోమింది.

తమ్ముడు

ఫిబ్రవరి 25

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే వేరే చోట చేయించాను. కంపెనీ వాళ్ళని బతిమాలితే ఒక్కసారికి వాళ్ళ వ్యానులో పంపారు. మళ్ళీ పాజిటివే.

అక్కడ కౌంటరులో ఒకావిడ ఉంది. మన భాష రాదు, రెండు భాషలూ వచ్చిన పొడుగుపిల్ల చెల్లెలు ఫోన్లో తర్జుమా చేసి చెప్పింది. "జనవరిలో వచ్చిందంటున్నావు, మరి ఇప్పుడు పరీక్ష ఎందుకు చేయించుకున్నావు?" అని అడిగింది. తగ్గినవాళ్ళకి కూడా నెలల తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉంటుందట. జబ్బు పోయినా దాని తుక్కు ఒంట్లో మిగిలి ఉంటుందట, పరీక్ష ఆ తుక్కుని కూడా పట్టుకుంటుందట. అది ఎవరికీ అంటదట. అందుకే నాలాంటి వాళ్ళని పరీక్ష వద్దంటారట, డాక్టరు చీటీ చాలంటారట.

అయితే ఇప్పుడు చీటీ తెస్తాను అన్నాను. ఇప్పుడు కుదరదు అంది. రెండు పాజిటివ్‌లు ఇక్కడి ఆరోగ్యశాఖ లెక్కలోకి ఎక్కాయి, గడువు పూర్తయ్యేదాకా గది దాటకూడదు. తగునుగారు ఎలాగూ ఊళ్ళో లేడు.

ఆవిడ మంచిదే. నీళ్ళ సీసా ఇచ్చింది. నేను అక్కడే కుర్చీలో కూర్చున్నాను, లేవమని ఎవరో అనేదాకా లేవలేదు. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు.

రేపు గువ్వకి జడ గట్టిగా వెయ్యమను అమ్మని. కోర్టులో చాలాసేపు కూర్చోవాలి, ఊడిపోతుంది.

అక్క

ఫిబ్రవరి 28

అక్కా,

నువ్వు అడుగుతావు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

బెంచీ మీద అమ్మ, మధ్యలో గువ్వ, ఈ చివర నేను. కిటికీలు తీసి పెట్టారు, కాగితాలు ఎగురుతుంటే గుమాస్తా వాటి మీద పంచింగ్ మెషీను పెట్టాడు. లాయరమ్మ నీ రిపోర్టు చూపించింది. జడ్జి గారు చదివి, ఆమె తప్పేమీ లేదు, కానీ ఎప్పుడు వస్తారో కూడా ఎవరూ చెప్పలేకపోతున్నారు కదా అన్నారు. తండ్రి దగ్గర ఉంచమన్నారు. మళ్ళీ వాయిదా వేసవి సెలవుల తర్వాత.

ఆయన నీ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

బయట వరండాలో నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. "చీటీ సంగతి మీ అక్కకి చెప్పాను కదయ్యా" అన్నాడు. "చెప్పారు" అన్నాను. "మరి?" అన్నాడు. నేను గోడ చూశాను. ఆయన గువ్వకి జ్యూసు కొనడానికి వెళ్ళాడు.

నిన్న ప్రెస్సుకి ఆ కాగితమే మళ్ళీ వచ్చింది, ఈసారి ప్రశ్నలు జవాబులతో. జనానికి అర్థం కాలేదని మార్చారట. మూడో పేజీలో ఉంది. "కోలుకున్నవారికి పరీక్ష ఎందుకు వద్దు?" అని ప్రశ్న. కింద జవాబు, నీకు ఆ కౌంటరావిడ చెప్పిందే. మెషీను ఆ పేజీని నా ముందు నుంచి కాగితం వెనక కాగితం మోసుకుపోయింది. ఆపలేదు. సాయంత్రం దాకా నడిపాను. ఓనరు "ఏరా, ఇవాళ దేశం మీద కోపం లేదా" అన్నాడు. లేదన్నాను.

ఆదివారం వచ్చి తీసుకెళ్తాడు.

తమ్ముడు

మార్చి 2

తమ్ముడూ,

ఒక్కటి అడుగుతాను. నువ్వు ఆరోగ్యశాఖ వాళ్ళని అడిగి చెప్పావనుకున్నాను. అడిగావా?

అడగకపోయినా ఇప్పుడు చేసేదేం లేదు. నేనూ ఇక్కడ ఎవరినీ అడగలేదు. నా నోరు నా దగ్గరే ఉంది. భోజనాల వరస గురించి నువ్వు రాసిన మాట చదివి నాకు లోపల గర్వంగా అనిపించింది, అందుకే ఒప్పుకున్నాను. ఇది నీకు చెప్పకపోతే మొత్తం నీ మీదే వేసుకుంటావని రాస్తున్నాను.

గువ్వ బట్టల్లో ఆకుపచ్చ స్వెటరు పెట్టండి. మోచేతి దగ్గర చిరిగింది, అయినా అదే వేసుకుంటుంది.

అక్క

మార్చి 8

అక్కా,

అడగలేదు.

ఆ ఆరోగ్యశాఖాయన వారానికి ఒకసారి వచ్చి నా పక్కనే స్టూలు మీద కూర్చుని ప్రూఫు చూస్తాడు. టీ కూడా నేనే అందిస్తాను. ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాకు అన్నీ తెలుసనుకున్నాను.

ఇది ఇంటి నుంచి రాయడం లేదు. వాళ్ళ ఊళ్ళో, బావ ఇంటి నుంచి రాస్తున్నాను.

ఆదివారం ఆయన వచ్చాడు. గువ్వ మెట్ల దాకా బాగానే వచ్చింది, తన సంచీ తనే మోసింది. కారు తలుపు తీశాక నా చెయ్యి పట్టుకుంది, ఇక వదల్లేదు. ఏడవలేదు, అరవలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది. వేళ్ళు ఒక్కొక్కటే విడదియ్యాలి. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. బావ అటు చూసి ఇటు చూసి, "బామ్మర్దీ, నువ్వూ ఎక్కు. దానికి అలవాటయ్యేదాకా ఉండు" అన్నాడు. చెప్పులతో ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఎక్కాను. ఓనరుకి దారిలో ఫోన్ చేశాను. సెలవు ఇచ్చాడు. తిట్టను కూడా లేదు.

ఇది మూడో అంతస్తు. గువ్వకి గది ఉంది, దాంట్లో కొత్త మంచం, దుప్పటి మీద ఇంకా దుకాణం మడతలు. అది అందులో పడుకోదు, హాల్లో నా సోఫా పక్కన నేల మీద పడుకుంటుంది. బావ మొదటి రోజు ఏదో అనబోయాడు, తర్వాత పరుపు తెచ్చి నేల మీద వేశాడు. ఆయనకి వంట రాదు. గుడ్డు ఉడకబెడితే పగులుతుంది, మళ్ళీ పెడితే మళ్ళీ పగులుతుంది. గువ్వ "నాన్నా, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే వెయ్యాలి" అని చెప్పింది. ఆయన "అలాగేనండీ" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను, మీరు అక్కకి ఆ సలహా ఎందుకిచ్చారు, ఆమె రాకపోతే మీకే మంచిది కదా అని. తింటున్న చెయ్యి ఆపాడు. "పిల్లని అడిగాను గానీ, దాని తల్లిని రానివ్వకుండా చేసి గెలవాలని నేనెప్పుడు అనుకున్నానయ్యా" అన్నాడు. పెరుగు నా వైపు జరిపాడు.

నాకు ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఉంది. దొరకడం లేదు.

తమ్ముడు

మార్చి 14

తమ్ముడూ,

ఇంటికి వచ్చాను. అక్కడ గది గడువు పూర్తయ్యేసరికి తగునుగారు సెలవు నుంచి తిరిగొచ్చి చీటీ రాసిచ్చాడు. విమానం దగ్గర అది చూసి ఎవరూ ఏమీ అడగలేదు. ఒకాయన తారీకు చూశాడు, తిరిగి ఇచ్చాడు. అంతే.

వారం గదిలోనే ఉండమన్నారు, పరీక్ష మాత్రం వద్దన్నారు. అమ్మ పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి జరుగుతుంది. మేమిద్దరం తలుపుకి చెరో పక్క కూర్చుంటాం. ఏం మాట్లాడుకోవాలో తెలియక కూరలో ఉప్పు సరిపోయిందా అంటుంది, సరిపోయింది అంటాను. నాకు తెలియదు నిజానికి.

గోడ వైపు తోసిన మంచం చూశాను. రెండో మంచానికి చోటు బాగానే వదిలారు. నేను ఆ చోట్లో చాప వేసుకుని పడుకుంటున్నాను.

గువ్వ నిన్న ఫోన్లో కనిపించింది. పన్ను ఊడిందని చూపించింది. "నువ్వు ఏ ఇంట్లో ఉన్నావు?" అని అడిగింది. మన ఇంట్లో అన్నాను. "నేను లేను కదా అక్కడ" అంది.

నేను దాన్ని చూడ్డానికి రావాలి. కోర్టు వద్దనలేదు, ఆయన కూడా వద్దనడు. కానీ ఎప్పుడు రావచ్చో, అక్కడ మళ్ళీ పరీక్ష అడుగుతారో, దాని దగ్గర పడుకోవచ్చో లేదో నాకు తెలియదు. ఇంకోసారి తప్పు జరిగితే నాకు ఓపిక లేదు. నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి.

అక్క

మార్చి 17

అక్కా,

నాకు తెలియదు.

బావని అడిగాను. ఆయన ఇక్కడి ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టమన్నాను, నేనూ విన్నాను. అర్థం కానిచోట మళ్ళీ అడిగాను, ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఆవిడ చెప్పింది రాస్తున్నాను, నా మాట కలపడం లేదు. గదిలో వారం పూర్తవగానే బయల్దేరవచ్చు. పరీక్ష చేయించుకోవద్దు, ఎవరైనా అడిగితే డాక్టరు చీటీ చూపించాలి, అందుకని దాన్ని పారెయ్యకు. ఒంట్లో కొత్తగా జ్వరం గానీ దగ్గు గానీ వస్తే మాత్రం ఆగి, వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. ఏమీ లేకపోతే పిల్లని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు.

పక్కన పడుకోవచ్చా అని రెండుసార్లు అడిగింది బావే.

నీ వారం పూర్తయ్యాక వచ్చే గురువారం సాయంత్రం బస్సు ఉంది. గువ్వకి ఇంకా చెప్పలేదు. చెబితే నిద్రపోదు. నువ్వు బస్సు ఎక్కాక చెబుతాను. మూడో అంతస్తు, లిఫ్టు దిగగానే ఎడమ వైపు తలుపు. బెల్లు పనిచెయ్యదు. తట్టు. ఎంత ఆలస్యమైనా తట్టు, నేను తలుపు దగ్గరే ఉంటాను.

తమ్ముడు